సగం ప్రదక్షిణ

"లీలా! లోపలికెందుకు దూరావమ్మా తల్లీ!"

తలుపు సందులోంచి ఉమామహేశ్వరరావు గుసగుస. లోపల లీల గతుక్కుమంది.

"ప్రదక్షిణ చేద్దామని అన్నయ్యా. బొమ్మల గోడకి ఇటో తలుపు, అటో తలుపు ఉన్నాయి కదా. ఇటు వెళ్లి అటు వద్దామని..."

"మన గుడి అనుకున్నావా? అది వాళ్ల గర్భగుడి. ఆడవాళ్లకి నో ఎంట్రీ! పసిగుడ్డుని కూడా, మగపిల్లాడైతేనే లోపలికి తీసుకెళ్తారంట. ఆడపిల్లనైతే ఈ గడప దగ్గరే ఆపేస్తారంట. ఇప్పుడే స్టావ్రోస్ చెప్పాడు."

స్టావ్రోస్ వీళ్లిద్దరి మేనేజరు. ఆయన కూతురి బాప్తిజానికే ఆఫీసు టీమంతా పారమట్టాలోని ఈ గ్రీకు చర్చికి వచ్చింది. కంప్యూటర్ల వై టూ కే గండం గట్టెక్కింది. ఇక ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో, ఎవరిని ఇంటికి విమానం ఎక్కించాలో తేల్చేది ఆయనే. రేపే తేలుస్తాడు.

"బయటికొచ్చేస్తా అన్నయ్యా."

"రాకు! స్టావ్రోస్ వాళ్లమ్మ సరిగ్గా ఈ తలుపుకి ఎదురుగానే కూర్చుంది. ఇందాక నా ఫోను మోగితే, చెయ్యి చూపించి నన్ను వీధిలోకి పంపింది ఆవిడే. ఇప్పుడు ఈ తలుపు మీది దేవదూతకి దండం పెడుతున్నట్టు నటిస్తున్నా."

"అటువైపు తలుపు?"

"అక్కడ ఫాదరు, నీళ్ల తొట్టి, వీడియో కెమెరా. నవ్వుతూ రా, క్యాసెట్‌లో పడతావ్."

లీల వెనక్కి జరిగింది. గోడకు అటువైపు అంతా బంగారం. అది రంగు కాదు, వెలుగేనని, అందుకే ఆ పటాల్లో నీడలుండవని పొద్దున్నే స్టావ్రోస్ చెప్పాడు. వాటిని మనం చూడడం కాదు, ఆ పెద్ద పెద్ద కళ్లతో అవే మనల్ని చూస్తాయనీ చెప్పాడు. ఇటువైపు వట్టి చెక్క. మేకులు, బద్దలు, బూజు. పునీతులందరూ ఆమెకు వీపు చూపి నిలబడ్డారు. ఇంత గుడిలోనూ ఆ చూపులకు అందని చోటు ఇదొక్కటే.

"అన్నయ్యా, నా ఉద్యోగం..."

"ష్! ఆవిడ లేచింది. ఇటే వస్తోంది. నేను పోతున్నా!"

"అన్నయ్యా!"

చేతికర్ర చప్పుడు దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, ఆగింది. దాక్కోవడానికి ఒక బల్ల, దానిమీద దీపం. ఆ బల్లను తాకడానికే లీలకు భయం వేసింది.

తలుపు తెరుచుకుంది. నల్లని దుస్తుల్లో ముసలామె.

"సారీ ఆంటీ... తెలియక..." లీల చేతులు జోడించింది.

ముసలామె పెదవుల మీద వేలుంచింది. వెనుదిరిగి, తలుపును చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టింది.

"కాస్త జరుగమ్మా," అంది ఆమె గుసగుసగా, "నువ్వు దూరడం చూసినప్పటి నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ఇటువైపు ఏముందో చూడాలని నీ వయసప్పటి నుంచీ నాకూ ఉంది."