సత్యమ్మ సర్దిన సంచి

"గా కొండలల్ల నిన్ను పట్టుకపోయి జైల్ల ఏస్తె, నేనెవల్ని అడగాలె బిడ్డా?"

చాటలో బియ్యం చెరుగుతూ అడిగింది సత్యమ్మ. కూతురు సౌజన్య ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"ఎందుకేస్తరమ్మా? నేను పోయేది నలుగురితోని మాట్లాడనీకి."

"గదే చెప్తున్న. ఆడి రాజకీయాలు అడుగుతనంటివి. మన వార్డుల ఎవలికి ఓటేసినవని అడిగితెనే కొట్టుకుంటుండ్రు. పరాయి దేశపోల్లు ఊకుంటరా?"

గడపలో కూర్చున్న తండ్రి పండరి నవ్వాడు. "మీ అమ్మ సంగతి తెల్వదా బిడ్డా? నేను పక్కనున్న రుద్రూర్ పోయొస్తనన్నా గింతే ఫికర్ చేస్తది."

సౌజన్య హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. నేపాల్, భూటాన్ ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతున్నాయన్నది ఆమె పరిశోధన. పుస్తకాల్లో దొరికిందంతా రాసేసింది. భూటాన్ వెళ్ళి అక్కడి పాత అధికారులను కలిస్తే తప్ప చివరి అధ్యాయం నడవదు. టికెట్ కూడా తీసేసుకుంది.

"రెండూ చిన్న దేశాలే అమ్మా. దగ్గర దగ్గరనే ఉంటయి. కానీ నడుమ మన నేల ఉంది. ఇటోల్లు అటు పోవాలంటె మనల్ని దాటి పోవాలె."

"మన మడి కాడికి హరనాథబాబు పొలం గట్టు మీంచి పోయినట్టా?"

"అచ్చం గట్లనే."

"ఆ గట్టు మీద నడిచినందుకే ఎన్ని మాటలు పడ్డం? నువ్వు దేశాల నడుమ పోయి నిలబడుతవా? వద్దు బిడ్డా. నా మీద ఒట్టు, పోవద్దు."

సౌజన్య ల్యాప్‌టాప్ మూసి లోపలికి వెళ్ళిపోయింది.

పోనని మాటివ్వకపోవడమే సత్యమ్మను మరింత భయపెట్టింది. మధ్యాహ్నం కూతురు కునుకు తీస్తుండగా సూట్‌కేసు జేబులోంచి పాస్‌పోర్టు తీసింది. కవరులో చుట్టి బియ్యం డ్రమ్ము అడుగున పూడ్చింది. అది లేనిదే దేశం దాటనివ్వరని టీవీలో ఎన్నిసార్లు వినలేదు?

మర్నాడు సౌజన్య దేనికోసమూ వెతకలేదు. "హాస్టల్‌కు పోత. ఉన్నకాడికే రాసుకుంట" అంది. ముఖంలో నవ్వు లేదు. సత్యమ్మకు గుండె మీది బరువు దిగింది.

ఇంట్లోంచి ఎవరు ఊరు దాటినా సంచి సత్యమ్మే సర్దాలి. సకినాలు, మామిడి తొక్కు పెట్టింది. దిష్టి తగలకుండా నిమ్మకాయ, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ నల్లగుడ్డలో వేసింది. ముడి వేయబోతుంటే టీవీ పక్కన సౌజన్య ఓటు కార్డు కనబడింది. మొన్న ఓటేసి వచ్చి మరిచిపోయినట్టుంది. దారిలో బస్సుకేమన్నా అయితే, ఈ పిల్ల ఎవరో, ఏ ఊరిదో చెప్పేదెవరు? ఆ పైన ఆలోచించలేక చెంపలు వేసుకుంది. కార్డును కూడా నల్లగుడ్డలో పెట్టి ముడేసింది.

సాయంత్రం సౌజన్య ఫోన్ చేసింది.

"చేరిన అమ్మా. సంచి నువ్వే సదిరినవా?"

"నేను గాక ఎవలు సదురుతరు?"

"నల్లగుడ్డల అన్నీ చూసుకునే పెట్టినవా?"

"చూసుకునే పెట్టిన. ఏమైంది, తొక్కు గిట్ల కారిందా?"

"లేదు. అయితె రేపు పోతున్న అమ్మా."

"పో బిడ్డా. పైలం." కాలేజీకే అనుకుంది సత్యమ్మ.

అంతే. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. మర్నాడు కలవలేదు. ఆ మర్నాడూ కలవలేదు. సత్యమ్మ బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమింది. పాస్‌పోర్టు ఉంది. దేశం దాటలేదు. దాటకపోతే పిల్ల ఏమైనట్టు?

హాస్టల్‌లో గది పంచుకునే సిరీషకు ఫోన్ చేసింది. "రూముల లేదాంటీ. వచ్చిన తెల్లారే బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మీ దగ్గరికే వచ్చిందనుకున్నా" అందా పిల్ల.

సత్యమ్మ వాకిట్లోకి ఉరికి మొగుణ్ణి కేకేసింది. రోడ్డు మీద వడ్లు ఆరబోస్తున్న పండరి పరుగున వచ్చాడు. పోలీస్ స్టేషన్‌కు పోదామని అంగీ తొడుక్కుంటుండగా ఫోన్ మోగింది. ఎన్నడూ చూడని నంబరు.

"అమ్మా, నేనే."

"యాడున్నవే?"

"భూటాన్ల. మన సిమ్ ఈడ పనిచేస్తలేదు, ఇప్పుడే కొత్తది తీస్కున్న. మంచిగున్న, నువ్వు ఫికర్ చెయ్యకు."

"అబద్ధమాడకు. నీ పాస్‌పోర్టు నా దగ్గరున్నది. బియ్యం డ్రమ్ముల దాచిపెట్టిన. అది లేకుంట నిన్నెట్ల పోనిచ్చిండ్రు? ఎవలన్న ఎత్కపోయిండ్రా? పక్కన ఎవలున్నరు? భయపడకుంట చెప్పు బిడ్డా."

ఫోన్‌లో గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది. పండరి ఒక చెయ్యి అంగీలో, ఒక చెయ్యి బయట అలాగే నిలబడిపోయాడు.

"సౌజన్యా, ఒక్క మాటన్న మాట్లాడే."

"భూటాన్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదమ్మా, ఓటు కార్డుంటె చాలు... నువ్వు ఒట్టు పెట్టినవని పోవుడు మానుకొని, దాన్ని టీవీ కాడ ఇడిచిపెట్టి వస్తె, నల్లగుడ్డల ముడేసి నువ్వే పంపితివి గద, ఒట్టు తీసి గట్టున పెట్టినవనుకున్న."