నాన్న బాణీ

"ఆపమ్మా! చలిజ్వరమొచ్చిన మేకలా వణుకుతోంది నీ చెల్లో. రేపు కచేరీలో నా పక్కన కూర్చుని ఇలాగే వాయిస్తావా?" తండ్రి కసిరాడు.

కూతురు నొచ్చుకుంది. "ఇది మీ బాణీయే కదా నాన్నా! మిమ్మల్ని చూసి చూసి పట్టుకున్నా. స్వరం చివర ఆ అల రావడానికి నా మణికట్టు పడిపోయింది."

"నేనెప్పుడు వణికించానే?"

పెద్ద వయొలిన్‌లాంటి ఆ చెల్లోని లాక్కుని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. లావు తీగ మీద కమాను మెల్లగా లాగాడు. సగందాకా నున్నగా సాగిన నాదం అక్కణ్నుంచి వణికింది. కమాను బిగించి పట్టాడు. ఇంకా వణికింది.

"అదే నాన్నా! ఎలా చేస్తారది?" కూతురు సంబరపడింది.

ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఒడిసి పట్టుకున్నాడు.

"రేపు నా కుర్చీలో నువ్వు కూర్చో తల్లీ."

"మరి మీరో?"

"ముందు ఆ వణుకు మానెయ్. నీదైతే మానేస్తే పోతుంది."