దండెం మీద జెర్సీ

వేల్స్‌లో పెద్ద రగ్బీ జట్లు నాలుగల్లా మూడయ్యాయి, ఇక రెండేనంటున్నారు. జెర్సీలకు రంగు ఇప్పుడు రగ్బీ బోర్డు ఆఫీసు నుంచే వస్తుంది. జట్టును రద్దు చేసిన క్షణాన, ఆటగాళ్ల ఇళ్లలోని జెర్సీలూ తెల్లబడిపోతాయి.

ఆ పొద్దున బోర్డు సమావేశం. కొడుకు ఎర్ర జెర్సీని ఉతికి దండెం మీద ఆరేసిన నెరిస్‌కు కాలు నిలవడం లేదు. పొయ్యి మీద గిన్నె వదిలేసి మళ్లీ పెరట్లోకి వచ్చేసరికి, జెర్సీ పాలలా తెల్లగా ఉంది.

వెనకే హ్యూ వచ్చాడు. "ఇదేంటమ్మా, సబ్బుపొడి ఏమైనా మార్చావా?"

"అవున్రా నాయనా, చవగ్గా వస్తోందని కొత్తది తెచ్చాను. నాదే బుద్ధి తక్కువ."

హ్యూ గోడ మీదుగా చూశాడు. అతనితో కలిసి ఆడే ఓవెన్ జెర్సీ పక్కింటి దండెం మీద తెల్లగా ఊగుతోంది.

"వాళ్లూ అదే పొడి తెచ్చారా అమ్మా?"