తాబేలమ్మ చెయ్యి

ఆగండాగండి, పేజీ తిప్పకండి. ముందు ఇది వినండి, తర్వాత మీ ఇష్టం.

మనవాడిది అమెరికన్ స్పోర్ట్స్ కారు. పసుపు రంగు. ఇంజిను సీట్ల వెనకాల ఉంటుంది. స్టార్ట్ చేస్తే వీపు మీద ఉరుము ఉరిమినట్టే.

కొని ఏడాదైనా కాలేదు. సెలవు దొరికితే చాలు, రేస్ ట్రాక్ మీద వాలిపోతాడు.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. గేటు దగ్గర ట్రాక్ మేనేజర్ ఆపాడు.

"బ్రేక్ ప్యాడ్లు చూసుకున్నారా?"

"చూశానండీ."

"చక్రం ఊడదీసి చూశారా?"

"ఆఁ, ఊడదీసే."

ఊడదీయలేదు. చక్రం సందుల్లోంచి టార్చి కొట్టి చూశాడంతే. చక్రం డిస్కుని రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లలో బయటిది మందంగానే కనిపించింది. లోపలి ప్యాడ్ అక్కణ్నుంచి కనిపించదు.

"అబద్ధమని తేలితే జన్మలో ఈ గేటు దాటనివ్వం." మేనేజర్ అందరికీ చెప్పే మాటే అది.

పక్క సీట్లో బావమరిది హెల్మెట్ తగిలించుకుంటూ గొణిగాడు. "మా అక్క కూడా ఇలాగే అంది బావా. ఏదైనా గోల జరిగితే కారు అమ్మించేస్తానని."

"నోరు మూసుకుని బెల్టు పెట్టుకోరా."

ఇక్కడ పందేలు లేవు, ఎవరి సరదా వాళ్లది. కానీ ఒక రూలుంది. వెనక వేగంగా వచ్చేవాళ్లుంటే, ముందున్నవాళ్లు కిటికీలోంచి చెయ్యి చాపి పక్క చూపించాలి. ఆ పక్క నుంచే దాటాలి. చెయ్యి రానిదే దాటకూడదు. రూలు తప్పితే ట్రాక్ కార్డు లాగేసుకుంటారు.

కాసేపటికే ఒక పాత చిన్న కారు ముందు తగిలింది. నడిపేది నెరిసిన జుట్టు ఆవిడ. కుర్రాళ్లు పెట్టిన పేరు తాబేలమ్మ.

"ఈవిడైతే అడక్కముందే దారిస్తుందిరా," అన్నాడు మనవాడు.

మలుపులో బ్రేకు తొక్కాడు. కర్ర్‌మంది.

"బావా, ఏదో గీరుతోంది."

"టైర్లురా. జోలపాట పాడతాయనుకున్నావా?"

మలుపు దాటగానే పొడుగాటి తిన్నని దారి. దాని చివర సిమెంటు గోడ, గోడ వారగా మెలిక. మనవాడు వచ్చేదే ఆ దారి కోసం.

చెయ్యి రాలేదు.

లైట్లు కొట్టాడు. చిన్న కారు దారి మధ్యలోకి వచ్చి ఇంకా నెమ్మదించింది.

ఎడమకి తిప్పాడు. అదీ ఎడమకే వచ్చింది. కుడికి తిప్పాడు. కుడికీ వచ్చింది. రెండు కార్ల మధ్య జానెడు సందు.

"బావా, గుద్దేస్తావ్."

అప్పుడొచ్చింది చెయ్యి. పక్క చూపించలేదు. అరచెయ్యి నేలవైపు పెట్టి, మెల్లగా, మెల్లగా అన్నట్టు ఊగింది.

"నాకు పాఠాలు చెప్తోందిరా." మనవాడి పళ్లు పటపటలాడాయి.

దారి పొడుగునా అదే నడక. చివరికి నల్లజెండా ఊపి ఇద్దరినీ బయటికి పిలిచారు.

మనవాడు హెల్మెట్టైనా తీయకుండా ఆవిడ కిటికీ మీద పడ్డాడు.

"ఏమండీ, ట్రాకు మీ పుట్టింటివాళ్లు రాసిచ్చారా?"

"బాబూ, నీ ముందు చక్రం..."

"నా చక్రం సంగతి నేను చూసుకుంటా. మీరు ఈ డబ్బా వేసుకుని కూరగాయలకెళ్లండి."

మేనేజర్ వచ్చాడు. ఎందుకో ఆయన గొంతు తగ్గింది.

"దారెందుకు ఇవ్వలేదమ్మా? కారణముంటే చెప్పండి."

ఆవిడ పసుపు కారు వంక చూసింది. మనవాడి మొహం వంక చూసింది.

"మొదటి కారా బాబూ?"

"అయితే?"

"కారణమేం లేదు," అంది మేనేజర్‌తో. "తప్పు నాదే."

"రూలు మీకు తెలియంది కాదు. ఇక మీరు రాకూడదు మరి."

"తెలుసు." మెడలోని ట్రాక్ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది.

వెళ్తూ వెళ్తూ మనవాడి పక్కన కారు ఆపింది. "ఇవాళ ఇంక బండి తీయకు. చక్రం ఊడదీసి చూడు. నలుగురూ లేనప్పుడు."

"పొగరు చూశావా?"

"పోనీ ఓసారి చూద్దాం బావా. మన సొమ్మేం పోయింది?"

అందరూ భోజనాలకి వెళ్లాక షెడ్డులో చక్రం ఊడదీశారు.

లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగిపోయింది. ఉత్త ఇనుప రేకు మిగిలింది. అది డిస్కుని దున్నిపారేసింది. చక్రం లోపలంతా కాలిన నలుపు. ఇనుముని ఇనుము రాస్తే నిప్పురవ్వలే. కారులో కూర్చున్నవాళ్లకి కనిపించవు, ముందు కారు అద్దంలో కనిపిస్తాయి.

"ఆ దారి చివర గోడ కదా బావా," అన్నాడు బావమరిది.

మనవాడు గేటు దాకా పరుగెత్తాడు. చిన్న కారు లేదు. మేనేజర్ ఒక్కడే ఆ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆవిడ ఎటెళ్లారండీ?"

"ఎందుకు, ఇంకా తిట్లు మిగిలాయా?"

మనవాడు తల అడ్డంగా ఊపాడు.

"వెనకటికి మీలాంటి తొందర మనిషే, దారివ్వకముందే దూరి, వాళ్లాయన్ని ఆ గోడకి కొట్టించాడు," అన్నాడు మేనేజర్. "ఈ చెయ్యి చూపే రూలు పట్టుబట్టి పెట్టించింది ఆవిడే. ఇవాళ ఆవిడే ఎందుకు తప్పిందో నాకు అంతుపట్టడం లేదు."

మనవాడి చెయ్యి తన మెడలోని కార్డు మీదికి వెళ్లింది. వేళ్లకి ఇంకా బ్రేకు మసి.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు. చెప్పండి."

నిజం చెబితే ఆవిడ కార్డు ఆవిడకి చేరుతుంది, మనవాడికి ఈ గేటు జన్మకి మూసుకుంటుంది. చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు. షెడ్డులో ఉన్న బావమరిది ఎలాగూ నోరెత్తడు.

మీరైతే ఏం చేస్తారు?