గొట్టం బల్ల

"నీళ్ళ గొట్టం మీద తోలు గీకుతావా?"

పెరటి షెడ్డు గుమ్మంలోంచి మామగారి గొంతు వినబడేసరికి అల్లుడు ఉలిక్కిపడి లేచాడు. చేతిలోని గరుకు కాగితం జారి కిందపడింది.

"ఊరికే, సరదాకి మామయ్యా!"

సరదాకి చేసినట్టు లేదది. ఎవరో కూల్చేసిన ఇంటి దగ్గర పారేసిన లావుపాటి ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి, ఒక సగాన్ని చెక్కపలక మీద బోర్లించాడు. ఒక చివర నడుమెత్తుకి వచ్చేలా పాత మంచం కోళ్ళు రెండు బిగించాడు. రెండో చివర నేలకి ఆనింది. పొట్ట ఆనించే చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు. మేకులన్నీ అంచుల్లోనే కొట్టాడు. తోలు కింద ఆవగింజంత మిట్ట ఉన్నా కత్తి అక్కడే చిల్లు పెడుతుందని వీడికెవరు చెప్పారు?

"మనకి దుంగ ఉందిగా. మళ్ళీ ఇదెందుకు?"

"దాని మీద మీరు ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వరు కదా!"

అది నిజమే. తండ్రి చేతి నుంచి అందుకున్న దుంగ మీద నలభై ఏళ్ళుగా పెద్దాయన ఒక్కడే తోళ్ళు గీకుతున్నాడు. రెండు పిడుల మొద్దు కత్తి పట్టి, లోపలి మాంసం, కొవ్వు శుభ్రంగా తీసేస్తాడు. ఆ తర్వాత ఉప్పు పట్టించడం, కట్టలు కట్టడం అల్లుడి పని. అరచెయ్యి ఒకసారి ఆడిస్తే చాలు, పిసరంత మాంసం మిగిలినా దొరికిపోతుందని ఆయన ధీమా. కళ్ళజోడు మార్చుకోమని భార్య ఏడాదిగా పోరుతున్నా, "చూపుతో నాకేం పని" అంటూ కొట్టిపారేస్తున్నాడు. తోళ్ళ షావుకారు ఊరందరి కట్టలూ విప్పి చూస్తాడు గానీ, ఈ ఇంటి కట్ట మాత్రం విప్పకుండానే బండెక్కిస్తాడు. పెద్దాయన సంపాదించుకున్నదంతా ఆ నమ్మకమే.

"మన అల్లుడు ఏదో గూడుపుఠాణీ చేస్తున్నాడు," అన్నాడు భోజనాల దగ్గర.

"మీకు మరీ అనుమానమండీ. తినేసి కాసేపు పడుకోండి," అంది భార్య.

ఈమధ్య ఆవిడకి ఆయన నిద్ర మీద శ్రద్ధ ఎక్కువైంది. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే దుప్పటి పరిచేస్తోంది. పెద్దాయన అదీ గమనించాడు.

మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం నిద్ర లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా షెడ్డులోకి నడిచాడు. అల్లుడు లేడు. గొట్టం బల్ల తడిగా ఉంది. దాని కింద బకెట్టు నిండా మాంసం, కొవ్వు, అప్పుడే గీకినవి.

పెద్దాయనకి ఒళ్ళు మండింది. పొద్దున తన దుంగ దగ్గర పడ్డ చెత్త అప్పుడే పారబోశారు. ఇంట్లో గీకని తోలు ఒక్కటి కూడా మిగల్లేదు. మరి ఈ మాంసం ఎక్కడిది? వీడు బయటి తోళ్ళు దొంగచాటుగా తెస్తున్నాడు! చేతకాని చేత్తో అరకొరగా గీకి, తన పేరున్న కట్టల్లో కలిపేస్తున్నాడు!

"షెడ్డులో ఆ మాంసమేమిటే?" అని వంటింట్లోకి వెళ్ళి అడిగాడు.

"నాకేం తెలుసు?" అంటూ ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయింది. సరే, ఇద్దరూ తోడుదొంగలన్నమాట.

మర్నాడు ఐదు తోళ్ళు గీకాడు. ఎవరూ చూడకుండా అందులో ఒకటి తీసి, తనే ఉప్పు చల్లి మంచం కింద దాచేశాడు.

అల్లుడు పరుగున వచ్చాడు. "మామయ్యా, నాలుగే ఉన్నాయేమిటి? ఐదోది ఏదీ?"

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. నీకెందుకంత ఆత్రం?"

అల్లుడు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అత్తగారితో గుమ్మం దగ్గర ఏదో గుసగుసలాడాడు. పెద్దాయన మీసం కింద నవ్వుకున్నాడు.

సాయంత్రం షావుకారు బండితో వచ్చాడు. పెద్దాయన దాచిన తోలునీ, అల్లుడి కట్టలోంచి లాగిన తోలునీ అరుగు మీద పక్కపక్కన పరిచాడు.

"షావుకారుగారూ, వీటిలో ఒకటే నేను గీకింది. రెండోది వేరే చెయ్యి. చూసి చెప్పండి."

"ఏవండీ, ఇప్పుడివన్నీ ఎందుకు?" భార్య అడ్డొచ్చింది. "ఆయనకి బోలెడు పనులుంటాయి."

"నువ్వు ఊరుకో. ఇవాళ గుట్టు బయటపడాలి. అల్లుడూ, నా అనుమానం నిజమైతే నీ గొట్టం నెత్తిన పెట్టుకుని ఈ గుమ్మం దిగాలి. తెలిసిందా?"

అల్లుడు తలొంచుకున్నాడు. షావుకారు తన మొహం చూసి చెప్పాడనే మాట రాకూడదని పెద్దాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

వెనకాల తోలు తిరగేసిన చప్పుడైంది.

"ఇదీ మీ చెయ్యంటే! చీకట్లో ఇచ్చినా పోల్చుకుంటాను," అన్నాడు షావుకారు. ఇంకో తోలు తిరగేసి, "రాంరాం! ఈ రెండోది ఎవరి నిర్వాకమండీ? మెడ దగ్గర మాంసం ముద్దలుగా ఉంది. రెండ్రోజుల్లో కుళ్ళి కట్టంతా పాడుచేస్తుంది. వీణ్ణి ఇంకెప్పుడూ కత్తి పట్టనివ్వకండి," అన్నాడు.

పెద్దాయన ఛాతీ పొంగింది. ఇంత పరువూ గంగలో కలిసేదే, సమయానికి తను కనిపెట్టాడు కాబట్టి సరిపోయింది.

"విన్నావా అల్లుడూ?"

"విన్నాను మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఆ పాడుది నేను గీకిందే. తప్పయిపోయింది. ఇవాళే వెళ్ళిపోతాను."

భార్య నోట్లో కొంగు కుక్కుకుని వెక్కుతోంది. తప్పు ఒప్పుకున్నాక ఈ ఏడుపెందుకో పెద్దాయనకి అర్థం కాలేదు. విజయగర్వంతో ఇటు తిరిగాడు.

షావుకారు పక్కకి నెట్టేసింది మంచం కింద దాచిన తోలు.