గాలి మేస్త్రీ రింగు

"సెలవు రోజున తాళాలు నీ దగ్గరే ఉన్నాయి. రింగు ఎవరు పట్టుకెళ్లారో చెప్తావా, నువ్వే పోతావా?" అని ఓనరు గద్దించేసరికి, గాలి మేస్త్రీ బావమరిది చెయ్యెత్తి మేస్త్రీనే చూపించాడు.

ఫ్యాక్టరీ అంతా నోరెళ్లబెట్టింది. పరాయివాడు చూపించి ఉంటే మేస్త్రీ ఎలాగో సరిపెట్టుకునేవాడు. చూపించింది సొంత భార్య తమ్ముడు!

అది కవర్లకు ఫిల్మ్ తీసే ఫ్యాక్టరీ. కరిగిన ప్లాస్టిక్‌ను గుండ్రటి సందులోంచి పైకి తోసి, లోపలికి గాలి ఊదితే రెండంతస్తుల ఎత్తున బుడగ లేస్తుంది. పైనున్న రోలర్ల మధ్య అణిగేలోపు అది చల్లారాలి. చల్లారకపోతే రెండు పొరలూ అంటుకుపోయి, కవరు నోరు తెరవమన్నా తెరవదు. పోనీ అని బయటినుంచి గాలి గట్టిగా కొడితే బుడగ తాగినవాడిలా ఊగుతుంది. అందుకే ఆ మిషన్‌ను ఏళ్ల తరబడి నత్తనడక నడిపించారు.

దానికి మందు కనిపెట్టింది మేస్త్రీయే. రేకులు వంచాడు, పారేశాడు, మళ్లీ వంచాడు. అందరూ నవ్వారు. గాలి మేస్త్రీ అన్న పేరు అప్పుడు వెటకారానికి పెట్టిందే. చివరికి బుడగ చుట్టూ గాలి కొట్టే పాత రింగు మీద కూర్చునే ఇంకో పెద్ద రింగు తయారైంది. దాంతో గాలి నేరుగా బుడగను కొట్టడం మానేసి, ఒరుసుకుంటూ పైకి పాకింది. బుడగ నిటారుగా నిలబడింది, మిషన్ పరుగందుకుంది. ఓనరు వచ్చినవాళ్లందరికీ "నా ఐడియా" అని చెప్పుకున్నాడు. మేస్త్రీకి మాత్రం భుజం తట్టి సరిపెట్టాడు.

ఇప్పుడు రోడ్డవతలి ఫ్యాక్టరీలో అచ్చం అలాంటి రింగే వెలిసింది. సెలవు రోజున ఎవరో దీన్ని అక్కడికి మోసుకెళ్లి, కొలతలు తీయించి, ఏమీ ఎరగనట్టు మళ్లీ తెచ్చి పెట్టేశారట.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు ఓనరు.

మేస్త్రీ ఓనరు వంక చూడనే లేదు. బావమరిది వంకే చూశాడు. వాడు తలెత్తలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. సంగతి విని భార్య భగ్గున మండింది.

"మీరు చేసిన రింగును మీరే దొంగిలిస్తారా? అనేవాళ్లకి బుద్ధుండక్కర్లా?"

"అన్నది బయటివాళ్లు కాదు. నీ తమ్ముడు."

ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"వాణ్ణి పనిలో పెట్టించింది నేను. బుడగ ఎత్తడం నేర్పింది నేను," అన్నాడతను. "నలుగురిలో నన్ను వేలెత్తి చూపించడానికి వాడికి మనసెలా ఒప్పిందే?"

పెళ్లయిన ఇన్నేళ్లలో అతని కళ్లలో నీళ్లు ఆమె ఎప్పుడూ చూడలేదు. వెంటనే ఫోన్ అందుకుంది. తమ్ముడు ఆదరాబాదరాగా వచ్చాడు. గుమ్మంలోనే ఆపేసింది.

"లోపలికి అడుగు పెట్టకు. ఆయన్ని దొంగని చేసిన నోటితో నన్ను అక్కా అనకు."

"అక్కా, ఒక్క మాట విను..."

"ఏంట్రా వినేది? ఒకరి గుండుసూది ముట్టుకునే మనిషి కాదాయన. అమ్మ పోయాక నిన్ను ఈ చేతుల్తో పెంచాను. ఆ పెంపకానికి సిగ్గుపడుతున్నా. ఇవాళ్టితో నాకు తమ్ముడు లేడు, పో!"

ఆమె ఏడుస్తూనే తలుపు మూయబోయింది. వాడు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, లోపలున్న బావ వైపు చూశాడు.

"బావా, నువ్వైనా చెప్పు. ఓనరు అలా మీదకొచ్చేసరికి ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతే బావా."

ఆ మాటతో మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. మంచం మీంచి ఒక్క ఉదుటున లేచొచ్చి, భార్య భుజం మీదుగా అరిచాడు.

"రింగుకి రెండో పక్క పట్టుకుని నాతోపాటు రోడ్డు దాటినప్పుడు లేదట్రా ఆ భయం?"