కంపెనీ ఇచ్చినట్టు

"ఇది కారామ్మా, నేల మీద పరిచిన చాపా?"

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దేవేంద్రప్ప మోకాళ్ల మీద కూర్చుని స్విఫ్టు కిందికి చెయ్యి పెట్టబోయాడు. వాచీ ఇరుక్కుంది.

తనూజ నందికొట్కూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషి. కారణం చెప్పకుండా ఉండలేకపోయింది.

"బండి ఎంత కిందికుంటే అంత నిలకడ సార్. అందుకే పొట్టి స్ప్రింగులు వేయించినా."

"నిలకడ సరే. స్పీడు బ్రేకరొస్తే దిగి మోసుకోని పోతావా?"

ఆయన వాచీ విడిపించుకుని కారు చుట్టూ తిరిగాడు. నీలం హెడ్‌లైట్లు, నేలను నాకుతున్న బంపరు, లారీ చక్రాలకు తమ్ముళ్లలాంటి వెడల్పు చక్రాలు, వెనక చెంబు దూరేంత సైలెన్సరు. స్టార్ట్ చేయమన్నాడు. చేసింది. రవాణా ఆఫీసు గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి. వరసలో నిలబడ్డ ఆటో డ్రైవరు చేతిలో టీ ఒలికింది.

"ఆపు తల్లీ, ఆపు! పదహైదేండ్లయిన బండికి మళ్ళా రిజిస్ట్రేషను కావాలంటే కంపెనీ ఇచ్చినట్టు ఉండాల. ఈ యేషాలతో వస్తే నేను సంతకం పెట్టను."

"రేపటితో గడువు అయిపోతాది సార్."

"రేపు నేనుండను. కడపకు బదిలీ అయింది. కొత్తాయన యెప్పుడొస్తాడో, యెట్లాంటోడో. సాయంత్రం నాలుగు లోపల మార్చుకోని రా, చూస్తా. లేకుంటే ఇంటి ముందర పెట్టుకోని రోజూ దానికి బొట్టు పెట్టు."

 తనూజ కర్నూలు నుంచి కాలేజీకి రోజూ ఆ కారులోనే పోయి వస్తుంది. పోవడం ఒక వంక మాత్రమే. నిజానికి ఆ కారంటే ఆమెకు ప్రాణం. అది ఇక రోడ్డెక్కదన్న మాట వింటేనే ఏడుపొచ్చింది.

తిన్నగా ఓబుళేశు షెడ్డుకు పోయింది. కారుకు ఈ సోకులన్నీ చేసింది ఆ మెకానిక్కే.

"అన్నా, తీసేసిన పాత సామానంతా యాడ పెట్టినావు? మళ్ళా బిగించాల!"

"యాడుండాదమ్మా! పాత ఇనుము వానికేసి ఉల్లిగడ్డలు తీసుకోమని నువ్వే అంటివి. ఇన్నాళ్లకు ఈ కారుతో ఇంటికొక ఉపకారం జరిగిందని మీ యమ్మ గూడా అనె."

అంగళ్లకు ఫోన్లు చేశారు. అంత పాత మోడలు సామాను హైదరాబాదు నుంచి రావాలని, నాలుగు రోజులైనా పడుతుందని అందరూ ఒకే పాట పాడారు. తనూజ టైరు మీద కూలబడింది.

ఓబుళేశు గడ్డం గోక్కుంటూ షెడ్డు మూలకు చూశాడు. అక్కడ గుడ్డ కప్పిన కారొకటి ఉంది. పోయి గుడ్డ లాగాడు. అదే మోడలు, అదే తెలుపు. ఒంటి మీద ఒక స్టిక్కరైనా లేని బుద్ధిమంతురాలు.

"ఎవరిదన్నా అది?"

"ఎవరిదో తెల్దు. ఎవరో పిల్లోడు తెచ్చి సర్వీసుకు ఇడ్సిపోయినాడు. పని అయిపోయింది. ఆరింటికి గానీ రారు."

"వాళ్లనడగకుండా తప్పు కదన్నా?"

"మనమేమన్నా కొరుక్కోని తింటామా? పెండ్లికి పోయేటప్పుడు పక్కింటోళ్ల నగ పెట్టుకోని పోరా? ఆరు లోపల మళ్ళా బిగిస్తా. పూచీ నాది."

నగ అడిగి కదా పెట్టుకుంటారు అన్న మాట తనూజ నాలుక చివరిదాకా వచ్చింది. గడియారం చూసి ఆ మాట మింగేసింది. చున్నీ నడుముకు బిగించి స్పానర్ అందుకుంది.

కర్నూలు ఎండకు పైన రేకులు పెనంలా కాలుతుంటే ఇద్దరూ నీళ్లు తాగుతూ, ఒకరినొకరు కసురుకుంటూ పని చేశారు. స్ప్రింగులు, చక్రాలు, సైలెన్సరు, లైట్లు, బంపరు, అన్నీ ఆ కారు నుంచి ఈ కారుకు వచ్చాయి. మూలనున్న కారు మాత్రం నాలుగు కడప బండల మీద బోసిగా మిగిలింది. దాన్ని చూస్తే తనూజకు జాలేసి, తనే మళ్లీ గుడ్డ కప్పింది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఆఫీసు చేరింది. దేవేంద్రప్ప వంగి చూశాడు, తట్టి చూశాడు, తనే ఎక్కి గ్రౌండులో రెండు చుట్లు తిప్పాడు. దిగేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

"శబాష్! ఇది గదా బండంటే! శానా దినాలుగా నడిపిన బండి మాదిరి చేతికి ఒదిగింది. ఇంత బిరీన యెట్లా చేయించినావమ్మా?"

"మెకానిక్కు మంచోడు సార్," అంది తనూజ నేల చూస్తూ.

సంతకం పడింది. ఇంకో ఐదేళ్లు! తనూజకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది గానీ, గడియారం తొందరపెడుతోంది. నాలుగున్నర. ఎక్కి తాళం తిప్పబోతుంటే అద్దం మీద ఎవరో తట్టారు. దేవేంద్రప్పే, భుజాన బ్యాగుతో.

"ఊర్లోకేనామ్మా పోతాండేది? నన్ను రోంత దించుతావా?"

"అయ్యో, ఎక్కండి సార్! మీరు యాడ దించమంటే ఆడ దించుతా." ఆ సంతోషంలో కడప దాకా దించమన్నా దించేదే.

దేవేంద్రప్ప ముందు సీట్లో సర్దుకుని కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కారు గేటు దాటింది.

"ఓబుళేశు షెడ్డు తెలుసు గదా, ఆడికి పోనీ," అన్నాడాయన. "ఆరింటికి వస్తానని చెప్పి పంపినా గానీ, పని ముందే అయిపాయ. నా కారు తీసుకోని పొద్దుండంగానే కడప దోవ పడతా."